మేనత్తగారి కోసం చూసిన వృద్ధాశ్రమాలు: ఏది నచ్చింది, ఏది ఎందుకు నచ్చలేదు

మా మేనత్తగారికి ఎనభై ఏళ్లు దాటాయి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ జరిగిన తరువాత వాకర్ లేనిదే అడుగు వేయలేకపోతున్నారు. జ్ఞాపకశక్తి కూడా కొంత సన్నగిల్లింది. ఉదయం వేసుకున్న మాత్రను మధ్యాహ్నం మళ్లీ వేసుకున్న సందర్భాలు ఉన్నాయి. ఒంటరిగా ఉండడం ఇక కుదరదని ఆమే తేల్చి చెప్పడంతో, ఆమెను వెంటబెట్టుకుని కొన్ని వృద్ధాశ్రమాలు చూసి వచ్చాము. ఉండబోయే మనిషి చూడకుండా మిగిలినవాళ్లు చూసి నిర్ణయించడం న్యాయం కాదని మా కుటుంబంలో అందరమూ అనుకున్నాము.

బయలుదేరే ముందు ఆమెకు ఏ పనిలో ఎంత సాయం కావాలో ఒక కాగితం మీద రాసుకున్నాము. అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ప్రచురించిన కొలమానం ఇందుకు ఇప్పటికీ పనికివస్తుంది. స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, సొంతంగా తినడం అనే 6 పనులను తీసుకుని, ఒక్కొక్కటీ మనిషి తనంతట తాను చేసుకోగలరా లేదా అని అది అడుగుతుంది. అత్తయ్యకు స్నానానికీ, మంచం దిగడానికీ సాయం కావాలి, మిగిలినవి చేసుకోగలరు. ఈ కాగితం చేతిలో ఉండడం వల్ల వెళ్లిన ప్రతిచోటా ఒకే ప్రశ్న వేయగలిగాము: ఈ రెండు పనులకు ఎవరు వస్తారు, రాత్రి రెండు గంటలకు పిలిస్తే ఎంతసేపట్లో వస్తారు?

మొదట చూసినది కొత్తగా కట్టిన పెద్ద భవనం. విశాలమైన హాలు, సినిమా చూసే గది, వ్యాయామశాల, ప్రతి అంతస్తుకూ లిఫ్టు ఉన్నాయి. ముందుగా చెప్పి వెళ్లినందువల్ల మేనేజరుగారు దగ్గరుండి అన్నీ చూపించారు, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అయితే మరొక రోజు చెప్పకుండా చీకటి పడ్డాక వెళ్లి, అనుమతి తీసుకుని ఒక అంతస్తులో కూర్చున్నప్పుడు పరిస్థితి వేరుగా కనిపించింది. వరండా పొడవునా ఉన్న గదులన్నిటికీ ఒక్క ఆయాయే దిక్కు. ఒక గదిలో పిలుపు గంట మోగుతూనే ఉంది, ఆమె మరొక గదిలో ఒక పెద్దాయనకు బట్టలు మారుస్తున్నారు. ఆ తల్లి తప్పు ఇందులో ఏమీ లేదు. ఉదయం డ్యూటీలో ఎంతమంది ఉంటారో మేనేజరుగారు గర్వంగా చెప్పారు గానీ, రాత్రి డ్యూటీ సంఖ్య అడిగినప్పుడు స్పష్టమైన జవాబు రాలేదు. వ్యాయామశాలలో మేము ఉన్నంతసేపూ ఒక్కరూ కనబడలేదు. ఎనభై ఏళ్ల మనిషికి వ్యాయామ యంత్రాల కంటే నడిచేటప్పుడు పక్కన చేయి అందించే మనిషి ముఖ్యం, ఆ మనిషే అక్కడ తక్కువ.

రెండవది ఒక ఆసుపత్రికి అనుబంధంగా నడిచేది. వైద్యం వరకు దానికి సాటి వచ్చేది మేము చూడలేదు. మంచం పట్టినవారిని సాధారణంగా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతూ, తిప్పిన వేళను మంచం దగ్గర వేలాడే కాగితంలో రాస్తున్నారు. ఒకే చోట ఒత్తిడి పడుతూ ఉంటే ఆ భాగానికి రక్తప్రసరణ తగ్గి, మడమల దగ్గర, నడుము కింద చర్మం దెబ్బతిని పుండ్లు పడతాయి. అవి లోతుకు దిగితే మానడానికి నెలలు పడుతుంది. కాబట్టి ఏ ఆశ్రమానికి వెళ్లినా ఈ కాగితం చూపించమని అడగడం మంచిది. మరొక చోట ఇలాగే అడిగితే చూపించారు గానీ, అందులో ఇంకా రాని గంటలకు కూడా ముందే సంతకాలు పెట్టి ఉన్నాయి. ఆ ఒక్క కాగితం చూసి అక్కడి నుంచి వచ్చేశాము.

ఆసుపత్రి అనుబంధ గృహంలో మాకు నచ్చనిది రోజు గడిచే తీరు. అందరినీ ఒకే వేళకు నిద్ర లేపుతారు, ఒకే వేళకు దీపాలు ఆర్పుతారు, సొంత కుర్చీ గానీ దుప్పటి గానీ తెచ్చుకోనివ్వరు. కొద్ది వారాలు కోలుకోవడానికి అది సరిపోతుంది. మిగిలిన జీవితం గడపడానికి సరిపోదు. ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని ఒక వృద్ధుల గృహంలో జరిపిన అధ్యయనాన్ని 1976లో ప్రచురించారు. తమ రోజువారీ విషయాలు తామే నిర్ణయించుకోవాలని ప్రోత్సహించి, ఒక మొక్క ఇచ్చి దాని బాధ్యత కూడా అప్పగించిన వృద్ధులు, అన్నీ సిబ్బందే చూసుకుంటారని చెప్పిన వృద్ధుల కంటే చురుకుగా, సంతోషంగా కనిపించారని అందులో తేలింది. అత్తయ్య ఆ అధ్యయనం సంగతి తెలియకుండానే, “నేను లేచే వేళ కూడా వాళ్లే చెబితే ఇక నాకు మిగిలేదేమిటి?” అని అడిగారు.

మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ఉన్నవారికి ప్రత్యేకంగా ఒక అంతస్తు కేటాయించిన ఆశ్రమాన్ని కూడా చూశాము. అత్తయ్యకు ఇప్పుడు ఆ అవసరం లేకపోయినా ముందుముందు రావచ్చు. సాయంత్రం వేళ ఇలాంటి వారిలో చాలామందికి ఆందోళన పెరుగుతుంది, ఇంటికి వెళ్లిపోతానని తలుపు దగ్గరకు వస్తుంటారు. అప్పుడు మీరేం చేస్తారని అడిగాము. “మాత్ర ఇచ్చి పడుకోబెడతాము” అని వెంటనే జవాబు వచ్చింది. మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు డిమెన్షియా ఉన్న వృద్ధులకు ఇస్తే మరణ ప్రమాదం పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరిక జారీ చేసింది. వేరే దారి లేనప్పుడు వైద్యుని నిర్ణయంతో ఆ మందులు వాడడం వేరు, తలుపు దగ్గరకు వచ్చిన ప్రతివారికీ అదే మందు అనడం వేరు. ఆందోళన పడుతున్న మనిషికి ముందుగా దాహమో, నొప్పో, మలబద్ధకమో, మరుగుదొడ్డికి వెళ్లాలన్న అవసరమో ఉందేమో చూడాలి. నెదర్లాండ్స్‌లోని హోగెవేక్ అనే చోట 2009 నుంచి డిమెన్షియా ఉన్నవారు వీధులు, తోటలు, దుకాణం ఉన్న ఒక చిన్న గ్రామం వంటి ఆవరణలో స్వేచ్ఛగా తిరుగుతున్నారు. అంతటి ఏర్పాటు అన్నిచోట్లా సాధ్యం కాదు. కానీ తిరగాలనుకునే మనిషికి సురక్షితంగా తిరిగే కొంత జాగా, వెంట నడిచే ఒక మనిషి ఉండాలని కోరడం అత్యాశ కాదు.

చివరకు మేము ఎంచుకున్నది, చూడగానే ఆకట్టుకునే చోటు కాదు. పాత ఇల్లు, చిన్న ఆవరణ, రంగు వెలిసిన గోడలు. అక్కడి ఆయాలలో ఎక్కువమంది ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్నవారు. మేము వెళ్లగానే డిపాజిట్ మాట ఎత్తకుండా, అత్తయ్య వైపు తిరిగి “మీరు ఎన్నింటికి లేస్తారమ్మా, రాత్రి ఎన్నిసార్లు లేవవలసి వస్తుంది?” అని అడిగినవారు అక్కడి నిర్వాహకురాలు ఒక్కరే. బంధువులు ఉండడానికి అక్కడ ఒక గది ఉంది. అందులో మేము, ఖాళీగా ఉన్న మరొక గదిలో అత్తయ్య కొన్ని రాత్రులు ఉండి చూశాము. రాత్రి గంట కొడితే ఎవరైనా వస్తున్నారా, స్నానం చేయించేటప్పుడు తలుపు వేస్తున్నారా, మాట వినబడని పెద్దవారితో ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నారా, తినడం ఆలస్యమైన వారి ముందు నుంచి కంచం తీసేస్తున్నారా వంటివి ఇలా ఉంటేనే తెలుస్తాయి. వీలుంటే ఆదివారం రాత్రి కూడా కలిసేలా ఉండి చూడాలి, ఎందుకంటే సిబ్బంది తగ్గేది సెలవు రోజుల్లోనే.

అక్కడ లోపాలు లేకపోలేదు. స్నానాల గది గుమ్మం ఎత్తుగా ఉంది, కమోడ్‌కు ఒక పక్కనే పట్టుకునే కడ్డీ ఉంది, ఫిజియోథెరపీ చేయించే మనిషి రోజూ రారు. తుంటి విరిగిన మనిషి మళ్లీ పడితే కోలుకోవడం మరింత కష్టం కనుక, మొదటి రెండూ సరిచేస్తేనే చేరుతామని చెప్పాము, సరిచేశారు. ఫిజియోథెరపీకి బయటి నుంచి మనిషిని మేమే పిలిపించుకుంటున్నాము. ఆ ఖర్చు అదనం.

ఒప్పందం విషయంలో తొందరపడకూడదు. మేము చూసిన చాలా ఒప్పందాలలో నెలవారీ రుసుములో ఏవి కలిసి ఉన్నాయో ఉంది గానీ, ఏవి కలవలేదో లేదు. డైపర్లు, మందులు, ఆసుపత్రికి వెంట వచ్చే మనిషి ఖర్చు ఎవరిదో రాయించుకోవాలి. మనిషి ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులు గదిని ఉంచుతారా, ఉంచితే పూర్తి రుసుము తీసుకుంటారా, మరణిస్తే డిపాజిట్ ఎంతకాలంలో తిరిగి ఇస్తారు అన్నవి అడగడానికి నోరు రాని ప్రశ్నలే అయినా అడగవలసినవి. అన్నిటికంటే ముఖ్యమైనది ఖాళీ చేయించే నిబంధన. “పరిస్థితి విషమిస్తే కుటుంబం తీసుకువెళ్లాలి” అని ఒకచోట ఒక్క వాక్యంలో ఉంది. మంచం పట్టిన రోజున, అంటే ఆశ్రమం అవసరం అన్ని రోజులకంటే ఎక్కువగా ఉన్న రోజున, బయటికి పంపే హక్కును ఆ వాక్యం వారికి ఇస్తుంది. మేము చేరిన చోట కూడా మొదట అలాంటి వాక్యమే ఉండగా, ఎవరు నిర్ణయిస్తారు, ఎంత గడువు ఇస్తారు, వేరే చోటు దొరికే దాకా ఎవరు చూసుకుంటారు అన్న మూడు విషయాలూ చేర్పించి, అత్తయ్యకు చదివి వినిపించిన తరువాతే ఆమె చేత సంతకం చేయించాము.