కూరలోకి అన్నం: నాలుగు నెలల క్యారియర్ భోజనంపై నా అభిప్రాయం

హైదరాబాదులోని తార్నాక, హబ్సిగూడ, నాచారం ప్రాంతాలకు మధ్యాహ్న భోజనం పంపే ఒక చిన్న వంటింటి నుంచి మార్చి మొదటి వారం మొదలుకొని రోజూ రెండు క్యారియర్లు తెప్పించుకుంటున్నాను. ఒకటి ఆఫీసుకు నాకు, ఇంకొకటి ఇంట్లో ఉండే అమ్మకు. దీనిని నడిపేది అత్తాకోడళ్ళు. వీరికి బోర్డు లేదు, యాప్ లేదు, మర్నాటి వంటల పట్టీ మాత్రం ముందురోజు రాత్రి వాట్సాప్‌లో వస్తుంది. క్యారియర్ ఒక్కింటికి 140 రూపాయలు, ఆదివారం సెలవు, అంటే 26 రోజుల నెలకు 3,640 రూపాయలు. రాత్రి 9 గంటల లోపు వద్దని చెబితే ఆ రోజు సొమ్మును తరువాతి నెలలో తగ్గిస్తారు, ఈ లెక్క ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదు. ఇప్పటికే డెబ్బై క్యారియర్లు నాలుగు పొయ్యిల మీద వండుతున్నామని, ఇంకా పెరిగితే వంట చెడుతుందని, తమ పేరు ఎక్కడా రాయవద్దని వారే కోరారు కాబట్టి పేరు రాయడం లేదు.

ఫిబ్రవరిలో చేయించుకున్న రక్తపరీక్షలో నా హెచ్‌బిఎ1సి, అంటే గత రెండు మూడు నెలల సగటు చక్కెర స్థాయిని చూపే లెక్క, 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశగా లెక్కిస్తారు కనుక మందులు రాయకుండా, అన్నం తగ్గించి కూరలు పెంచమని డాక్టర్ గారు చెప్పి పంపారు. మాట చిన్నదే కానీ ఆచరణ అంత తేలిక కాదు. మొదట ‘డైట్ మీల్స్’ పంపే ఒక సంస్థలో చేరాను. ఉడికించిన బ్రకోలీ, మిరియాలు చల్లిన చికెన్ ముక్క, గుప్పెడు కినోవా, చిన్న డబ్బాలో ఏదో తెల్లటి సాస్ వచ్చేవి. ఆ తిండిలో దోషమేమీ లేదు, శుభ్రంగానే ఉండేది. అయితే కడుపు నిండినా భోజనం చేసినట్టు ఉండేది కాదు. సాయంత్రం నాలుగింటికల్లా కాళ్ళు వాటంతట అవే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్ల వైపు నడిచేవి. తొమ్మిదో రోజున మానేశాను.

ఈ అత్తాకోడళ్ళ క్యారియర్‌ను మొదటిరోజు విప్పినప్పుడు పొరపాటున సర్దారేమో అనుకున్నాను. నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్‌లో అన్నిటికన్నా పెద్దదైన అడుగు గిన్నె అన్నానిదని మనకు పుట్టుకతోనే తెలుసు. ఇక్కడ ఆ గిన్నె నిండా బీరకాయ కూర ఉంది. దాని పైన తోటకూర పప్పు, ఆ పైన పెరుగు, చిట్టచివరి గిన్నెలో అన్నం, ఒక మూలన చిన్న కాగితం పొట్లంలో నువ్వుల పొడి ఉన్నాయి. అదే సమయానికి అమ్మ ఇంటినుంచి ఫోన్ చేసి, “అన్నం గిన్నెల కూర పెట్టిండ్రు, కూర గిన్నెల అన్నం పెట్టిండ్రు, వాళ్ళకు చెప్పు” అంది. చెప్పాను. కోడలు గారు నవ్వి, “తప్పు కాదన్నా, మేం పెట్టేదే అట్ల. సాలకపోతే చెప్పుండ్రి, అన్నం ఇంకింత పంపుతం” అన్నారు. చాలకపోవడం మొదటి వారమే జరిగింది, రెండో వారం నుంచి అడగవలసిన అవసరం రాలేదు. మనం ఎప్పుడూ అన్నంలోకి కూర ఏమిటని అడుగుతాం. వీరు కూరలోకి అన్నం పంపుతున్నారు. ఈ సేవలోని అసలు సంగతి, నా దృష్టిలో, ఆ గిన్నెల తారుమారే.

ఏప్రిల్‌లో ఒక వారంపాటు వంటింటి త్రాసు మీద తూచి చూశాను. సగటున అన్నం 190 గ్రాములు, కూర 210 గ్రాములు, ఆకుకూర పప్పు 170 గ్రాములు, పెరుగు 120 గ్రాములు వచ్చాయి. తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో, రోజుకు 2,000 కేలరీల భోజనానికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు అని లెక్క ఇచ్చారు. ఇవి పచ్చి సరుకు తూకాలు కాబట్టి వండినదానితో నేరుగా పోల్చలేము. అయినా రోజు మొత్తానికి కావలసిన కూరగాయలలో సగం ఈ ఒక్క పూట క్యారియర్‌లోనే వస్తున్నదని నా అంచనా. ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించరాదన్నది ఆ మార్గదర్శకాలలోని మాట. మామూలు మెస్సు భోజనంలో అన్నం కుప్పను గుర్తు చేసుకుంటే మనం ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది. నెల డబ్బు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూశాను, ఏది ఎంత తినాలో చూపే ఆ సంస్థవారి పళ్ళెం బొమ్మను కోడలు గారు పొయ్యి పక్క గోడకు అంటించుకున్నారు. 1918లో కూనూరులో ఒకే ఒక గదిలో, బి1 విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి వ్యాధిపై పరిశోధనతో మొదలై, తరువాత హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ చెప్పిన లెక్క, ఆవిడ గోడ మీద నూనె మరకల మధ్య వేలాడుతూ నిజంగా పనికి వస్తున్నది.

లెక్క సరిపోయినంత మాత్రాన ఎవరూ తినరు, రుచి ఉండాలి. ఇక్కడే వీరి పనితనం కనిపిస్తుంది. పప్పు పొద్దున్నే ఉడికిపోయినా, పోపు మాత్రం గిన్నెలకు ఎత్తే ముందే పెడతారు. ఒంటిగంటకు మూత తీయగానే వెల్లుల్లి, ఇంగువ, జీలకర్ర వాసన ముందు వస్తుంది, పప్పు తరువాత కనిపిస్తుంది. బీరకాయ, ఆనపకాయ వంటి నీటి కూరలను మూత పెట్టి వాటి నీటిలోనే మగ్గనిచ్చి, నూనె తగ్గించిన చోట చిక్కదనం కోసం వేయించి దంచిన నువ్వుల పొడి చల్లుతారు. నూనె లోటు నాలుకకు తెలియదు. పైగా నూరు గ్రాముల నువ్వులలో వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది కనుక ఆ చెంచాడు పొడి వృథా పోదు. ఆకుకూరలలో పాలకూర ఒక్కటే తిరిగి తిరిగి రాదు. చుక్కకూర, పొన్నగంటి, గంగవాయిలి, గోంగూర వరుసగా వస్తాయి, మే నెల వచ్చేసరికి పచ్చి మామిడి పప్పు వచ్చింది. చింతచిగురు దొరికిన వారం అయితే ముందురోజు పట్టీ కింద, “అన్నా, రేపు చింతచిగురు పప్పు, సెలవు పెట్టకుండ్రి” అని ప్రత్యేకంగా రాశారు. సెలవు పెట్టలేదు.

అన్నిటిలోనూ పచ్చి పులుసు గురించి రెండు మాటలు ఎక్కువ రాయాలి. ఎండలు ముదిరాక వారానికి రెండుసార్లు పెరుగు పక్కన ఇది వచ్చింది. చింతపండు నానబెట్టి పిసికిన పల్చని నీళ్ళలో సెగ మీద కాల్చిన ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ ముక్కలు చేతితో నలిపి, కొత్తిమీర వేసి, చిన్న పోపు పెడతారు. పులుసును పొయ్యి ఎక్కించరు. ఇందులో దాచడానికి ఏమీ లేదు, అందుకే చెడగొట్టడం చాలా సులువు. వీరి పులుసులో మిరపకాయ కాలిన వాసన ఉంటుంది కానీ మాడిన చేదు ఉండదు, ఉల్లిపాయ పంటి కింద కరకరలాడుతుంది. పులుపు, పొగ వాసన ముందు నిలబడటం వల్ల ఉప్పు తక్కువైన సంగతి మూడో ముద్ద దాకా గమనించలేదు. రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు దాటరాదన్న నియమాన్ని నీరసం లేకుండా పాటించే దారి ఇదేనని నాకు అనిపించింది. అమ్మ ఈ పులుసును మాత్రం గ్లాసులో పోసుకుని తాగుతుంది.

చిరుధాన్యాల విషయంలో వీరి నిగ్రహం నాకు నచ్చింది. ఈ మధ్య నగరంలో ఏ దుకాణానికి వెళ్ళినా చిరుధాన్యాల బిస్కట్లు, నూడుల్స్, లడ్డూలు కనిపిస్తున్నాయి, అన్నం తినడమే నేరమన్నట్టు మాట్లాడేవారు ప్రతి ఆఫీసులోనూ ఒకరు ఉన్నారు. వీరు మంగళ, శనివారాలలో జొన్న రొట్టె, గురువారం కొర్ర అన్నం పంపుతారు. మిగిలిన రోజులు మామూలు అన్నమే. ఏ ఒక్క ధాన్యాన్నీ నెత్తికెత్తుకోకూడదనడానికి మన నగర చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. జొన్నలే ప్రధానంగా తిని బతికే ఇక్కడి పేదలలో పెల్లాగ్రా అనే, చర్మం మీద మచ్చలతో కనిపించే పోషకాహార లోప వ్యాధిని గమనించిన గోపాలన్, శ్రీకాంతయ్య అనే శాస్త్రవేత్తలు, జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉండటమే దానికి కారణమై ఉండవచ్చని 1960లో ప్రతిపాదించారు. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు, పీచు విషయంలో అది తెల్లబియ్యం కన్నా చాలా మేలు. పక్కన పప్పు, ఆకుకూర, పెరుగు లేకుండా అదొక్కటే తినడంలోనే చిక్కు ఉంది. కొర్ర అన్నాన్ని ముందురాత్రే నానబెట్టి వండుతారట, అందుకే మెత్తగా ఉంటుంది. దానికి మజ్జిగ పులుసు జోడించడం మంచి ఆలోచన, ఎందుకంటే కొర్రలు చల్లారితే గొంతు దిగవు.

ఇక లోపాలు. మొదటిది ఆ జొన్న రొట్టె. పదిన్నరకు కాల్చిన రొట్టె ఒంటిగంటకు నా బల్ల మీదికి వచ్చేసరికి అట్టముక్కలా బిగుసుకుపోతుంది. రేకు కాగితంలో చుట్టి చూశారు, అప్పుడు చెమర్చి జిగటగా తయారైంది. గుడ్డలో చుట్టితే కొంత నయం, అంతే. అమ్మ దానిని తుంచి పప్పులో నానబెట్టుకుని తింటుంది, ఆఫీసులో నేను అలా తినలేను. రెండవది కారప్పొడులు. అవిసె గింజల పొడి, మునగాకు పొడి రుచిగా ఉంటాయి, కానీ కూరలలో అంత జాగ్రత్తగా తగ్గించిన ఉప్పును పొడులలో వడ్డీతో సహా వసూలు చేస్తారు. చెప్పాక కొద్దిగా తగ్గింది, ఇంకా తగ్గాలి. మూడవది శుక్రవారం. ఆ రోజు ఆలుగడ్డ వేపుడు, టమాట చారు వస్తాయి, ఆకు అనేది కనిపించదు. ఇద్దరిలో ఒకరు గుడికి వెళ్ళే రోజేమోనని నా అనుమానం, అడగలేదు. గుడ్డు కావాలంటే ఇంట్లో ఉడకబెట్టుకోవలసిందే, పండు అసలే ఉండదు. జూన్‌లో వానలు పడిన రెండు రోజులు క్యారియర్ రెండున్నరకు చేరింది, ఒకరోజు పులుసు గిన్నె మూత సరిగా బిగించకపోవడం వల్ల సంచిలోనూ, సంచి పక్కనున్న ఫైలు మీదా చింతపండు నీళ్ళు పాకాయి. ఆ ఫైలు ఇప్పటికీ పుల్లటి వాసన వేస్తున్నది.

నేను ఊహించనిది మా ఇంటి వంట మారడం. ఆదివారం సెలవు కాబట్టి ఆ రోజు వంట మాదే, ఇంతకుముందు అది బిర్యానీ తెప్పించుకునే రోజు. ఇప్పుడు పొద్దున్నే మోండా మార్కెట్‌కు వెళ్ళి వారానికి సరిపడా ఆకుకూరలు తెస్తున్నాను. గంగవాయిలి కట్టలో ఇసుక ఎంత ఉంటుందో, మూడు నీళ్ళు మార్చితే గాని అది వదలదని ఈ వయసులో నేర్చుకున్నాను. పప్పు కుక్కర్‌లో పెట్టి, ఆకు విడిగా మగ్గించి, చివరన కలిపి పోపు వేస్తే ముప్పావు గంటలో వంట ముగుస్తుంది. రాత్రి భోజనంలో కూడా పెద్ద గిన్నె కూరకు, చిన్న గిన్నె అన్నానికి ఇచ్చాం. అమ్మ మొదట్లో దీనిని దరిద్రం అంది. మూడు పూటలా అన్నం పెట్టలేని కాలం చూసిన మనిషికి అన్నం గిన్నె చిన్నదవడం అలాగే అనిపిస్తుంది కాబట్టి నేను వాదించలేదు. తన కూరలో నువ్వుల పొడి చాలదని ఇప్పుడు తనే గొడవ చేస్తున్నది.

జూలై మొదటి వారంలో మళ్ళీ పరీక్ష చేయించుకుంటే 5.8 వచ్చింది. ఇదే సమయంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో రోజూ నలభై నిమిషాలు నడవడం కూడా మొదలుపెట్టాను కాబట్టి గొప్పంతా క్యారియర్‌కు ఇవ్వలేను. సాయంత్రపు బిస్కట్లు వారానికి ఒకరోజుకు దిగిన గొప్ప మాత్రం దానిదే.

అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. అన్నం ఎక్కువ తినే శ్రమ పని వారికి, మాంసం లేనిదే ముద్ద దిగని వారికి ఇది సరిపడదు. నాలాగా రోజంతా కుర్చీలో కూర్చుని, మన వంటలే మానకుండా తినాలనుకునే వారికి తార్నాక చుట్టుపక్కల దీనికన్నా మంచిది నాకు తగల్లేదు. ఆగస్టు నెలకు డబ్బు ముందే కట్టాను. రొట్టె రోజులలో మాత్రం రొట్టె బదులు అన్నమే పంపమని చెప్పాను. జొన్న రొట్టె రాత్రిపూట తానే వేడివేడిగా కొట్టి కాలుస్తానని అమ్మ పెనం కడిగి పెట్టుకుంది.