స్టెయిర్ ఎల్‌పీ10: కొత్త ఎయిర్ పిస్టల్ నిజంగా కొత్తదేనా?

మా అమ్మాయి పది మీటర్ల ప్రాక్టీస్ కోసం స్టెయిర్ ఎల్‌పీ10 తీసుకున్నాం. పిస్టల్ గురించి ముందే చెప్పేస్తా, సూపర్. ట్రిగ్గర్ ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ వదులుతుందో వేలికి స్పష్టంగా తెలుస్తుంది, లోపల స్టెబిలైజర్ ఉంది కాబట్టి షాట్ వెళ్లినప్పుడు చేతికి జర్క్ దాదాపు తెలియదు. కానీ ఇంత డబ్బు పోసి కొన్నాక పెట్టె తెరిచి ఫోటోలు దిగడమే తప్ప, ఎక్కడైనా అరిగిందా అని చూసేవాళ్లు తక్కువ.

బ్యారెల్‌లో బూడిదరంగు చారలు కనబడితే కంగారు పడొద్దు. మ్యాచ్ పిస్టల్‌ని ఫ్యాక్టరీలోనే కాల్చి చూసి ఆ టెస్ట్ టార్గెట్ కాగితాన్ని పెట్టెలో పెట్టి పంపుతారు, కాబట్టి కాస్త సీసం అంటుకుని ఉంటుంది, క్లీనింగ్ ఫెల్ట్‌తో (బ్యారెల్ తుడిచే మెత్తటి ఉన్ని ముక్క) పోతుంది. మెత్తటి సీసం పెల్లెట్లకు ఉక్కు బ్యారెల్ అంత తేలిగ్గా అరగదు కూడా. చూడాల్సింది ఇనుముకి ఇనుము రాసుకునే చోట. బ్రీచ్ (పెల్లెట్ పెట్టే చోటు) ఖాళీగా ఉందో లేదో చూసుకుని, గాలి నింపే సిలిండర్ విప్పేసి, లోడింగ్ లివర్ కీలు దగ్గర టార్చి వేయండి. రంగు రెండు పక్కలా సమానంగా, పల్చగా పోయి మెరుస్తుంటే అది మామూలే. ఒక్క పక్కే గోరుకి తగిలేంత గీత పడిందంటే ఏదో వంకరగా కూర్చుందన్నమాట, ఇక వాడకుండా ఫోటోలు తీసి అమ్మినవాళ్లకి పంపేయండి.

మాకు తేడా దొరికింది అక్కడ కాదు, గ్రిప్ స్క్రూలో! అలెన్ కీ తిప్పీ తిప్పీ దాని లోపలి అంచులు గుండ్రంగా అయిపోయాయి. ఎవరెవరి చేతికో గ్రిప్‌లు మార్చి మార్చి చూపించిన గన్ అది. అనుమానం వచ్చి సిలిండర్ మీద తేదీ చూస్తే అదీ పాతదే. వీటికి సాధారణంగా తయారైన రోజు నుంచి పదేళ్లే గడువు, షాపు అద్దాల బీరువాలో గడిచిన కాలం కూడా అందులోకే వస్తుంది, పైగా గడువు దాటని సిలిండర్ వాడే బాధ్యత ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నిబంధనల ప్రకారం షూటర్‌దే. షాపు పేరు రాయను గానీ, "డిస్‌ప్లే పీస్ సార్, ఒక్క షాట్ కూడా కొట్టలేదు" అన్నాడాయన. సరే, అదే ముక్క బిల్లు మీద రాసివ్వండి అన్నాను. సిలిండర్, స్క్రూ రెండూ మార్చిచ్చాడు, కొంత తగ్గించాడు కూడా (అడక్కపోతే తగ్గించేవాడు కాదులెండి).

గాలి లీకేజీకి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. సిలిండర్ బిగించి రాత్రంతా వదిలేసి, పొద్దున అదే గదిలో గేజ్ ముల్లు చూడండి. ఎండలో కారులో పెట్టి చూస్తే రీడింగ్ మారుతుంది, దాన్ని నమ్మొద్దు. ట్రిగ్గర్ మాత్రం కొన్నాళ్లు కాల్చాక మళ్లీ తూచండి, కొత్త భాగాలు సర్దుకునేటప్పుడు బరువు కాస్త అటూఇటూ కావచ్చు. ట్రిగ్గర్‌కి తగిలించిన 500 గ్రాముల బరువుని పేలకుండా ఎత్తకపోతే ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో (పోటీల్లో గన్‌ని తనిఖీ చేసే చోట) ఆపేస్తారు కాబట్టి మేం దానికి కొద్దిగా పైనే పెట్టుకున్నాం.