171 సెం.మీ. టూరింగ్ స్కీలు, రెండు సీజన్లు వాడాక నా రివ్యూ

మంచు కొండని మన కాళ్ళతోనే ఎక్కి, మళ్ళీ జారుతూ దిగడానికి వాడేవి టూరింగ్ స్కీలు. ఈ జత తీసుకుని రెండు సీజన్లు అయింది, ముప్పై రోజులకి పైనే వీటి మీద ఎక్కి దిగాను, కాబట్టి ఇప్పుడు నమ్మకంగా రాయగలను. పొడవు 171 సెంటీమీటర్లు, నడుం దగ్గర, అంటే స్కీ మధ్యలో, వెడల్పు 94 మిల్లీమీటర్లు, ఒక్కో స్కీ బరువు కంపెనీ లెక్క ప్రకారం 1,350 గ్రాములు. ఇంటికి తెచ్చి వంటింటి త్రాసు మీద పెడితే ఒకటి 1,368, ఇంకోటి 1,391 చూపించింది. ఇందులో మోసమేం లేదు, లోపల ఉండేది చెక్క కోర్ కాబట్టి ఒకే జతలో కూడా ఆమాత్రం తేడా మామూలే. కాకపోతే 30 గ్రాముల కోసం రెండు మోడల్స్ మధ్య వారం రోజులు తల బద్దలుకొట్టుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ రాసిన బరువు ఏ సైజుదో, ఒక్క స్కీదో జతదో కూడా చూసుకోండి, ఒక సైజు పెరిగితే బరువు కూడా కొన్ని పదుల గ్రాములు పెరుగుతుంది.

నా కొలతలు ముందే చెప్పేస్తా, అవి తెలీకుండా రివ్యూ చదివితే ఏం లాభం లేదు. ఎత్తు 174, బరువు 74 కిలోలు, బ్యాగులో పార, ప్రోబ్ (మంచు కింద కూరుకుపోయినవాళ్ళని వెతికే పొడవాటి కర్ర), నీళ్ళు, జాకెట్ అన్నీ కలిపి 9 కిలోల దాకా ఉంటాయి. సైజు చూసేటప్పుడు అందరూ స్కీని పక్కన నిలబెట్టి గడ్డం దాకా వచ్చిందా, ముక్కు దాకా వచ్చిందా అని చూస్తారు కదా, మొదలుపెట్టడానికి అది బానే ఉంటుంది గానీ అక్కడితో ఆగిపోకూడదు, ఎందుకంటే ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరు 58 కిలోలు, ఇంకొకరు 90 కిలోలు ఉంటే మెత్తని మంచులో ఆ రెండోవాళ్ళు అదే స్కీ మీద ఇంకా లోతుకి కూరుకుపోతారు. బ్యాగు బరువు కూడా కలిపి లెక్కేసుకోవాలి, అది కూడా మంచు మీదే పడుతుంది.

నా మొదటి జత 162 పొడవు, 80 వెడల్పు, ఒక్కోటి 1,050 గ్రాములు. ఎక్కేటప్పుడు ప్రాణం హాయిగా ఉండేది, కాళ్ళకి ఏమీ లేనట్టే ఉండేది. దిగేటప్పుడే అసలు బాధంతా. ఒకరోజు మధ్యాహ్నం ఎండకి కరిగి పైన పొర కట్టిన వాలు మీద దిగుతున్నా, రెండు టర్నులు బానే వచ్చాయి, మూడోదానికి ఎడమ స్కీ ముక్కు ఆ పొరని పగలగొట్టుకుని కిందికి దూరింది, స్కీ అక్కడే ఆగింది, నేను ఆగలేదు. మోకాలికి ఏం కాలేదు గానీ మిగతా వాలంతా అడ్డంగా జారుకుంటూ, ప్రతి మలుపు దగ్గరా ఆగి తిరుగుతూ దిగాల్సొచ్చింది. ఎక్కేటప్పుడు మిగిలిన ఓపికంతా ఆ గంటలో అయిపోయింది. గట్టి గరుకు మంచు మీదైతే స్కీ గడగడా కొట్టుకునేది, ఆ అదురు పిక్కల దాకా వచ్చేది. బరువైన స్కీ ఆ అదురుని తనే మింగేస్తుంది, తేలికది మన కాళ్ళకి పంపిస్తుంది.

తప్పు ఆ స్కీలది కాదు, అవి పొద్దున్నే గట్టి మంచు మీద ఎత్తైన శిఖరాలకి వెళ్ళేవాళ్ళకి చేసినవి. తేలిక అన్న మాట ఒక్కటే విని కొనడం వల్ల వచ్చిన ఇబ్బంది అది. రేసుల్లో వాడేవి చూసి ఇంకా మోజు పడతాం, స్కీ మౌంటెనీరింగ్ రేసుల్లో మగవాళ్ళకి 160 పొడవు, బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌తో కలిపి ఒక్కో స్కీ 750 గ్రాములు ఉంటే రూల్స్‌కి సరిపోతుంది. వాళ్ళ లెక్క సెకన్లతో, మనం రోజంతా తిరిగి క్షేమంగా దిగాలి.

171కి మారేటప్పుడు కిక్ టర్నులు, అంటే ఎక్కేటప్పుడు వాలు మీద నిలబడి ఒక్కో స్కీనీ ఎత్తి దిశ మార్చడం, కష్టమవుతాయేమోనని భయం ఉండేది. మొదటి మూడు నాలుగు రోజులు కష్టంగానే అనిపించింది, పై కాలు తిప్పాక కింది కాలు లాగేటప్పుడు ముక్కు వాలుకి తగిలి ఇరుక్కునేది. మడమతో బూటుని వెనక్కి తన్నినట్టు చేస్తే ముక్కు పైకి లేస్తుంది, అప్పుడు తిప్పేయాలి, అది అలవాటయ్యాక 162కీ దీనికీ తేడా తెలీలేదు. తర్వాత ఫ్రెండ్ దగ్గర ఇదే మోడల్ 178 తీసుకుని ఒకరోజు తిరిగా. కొత్తగా పడ్డ మెత్తని పొడి మంచు, అంటే పౌడర్‌లో అద్భుతం, తేలిపోయింది, కానీ చెట్ల మధ్య ఇరుకులో మలుపు తిప్పడానికి చోటు వెతుక్కోవాల్సి వచ్చింది, స్కీలు బ్యాగుకి కట్టుకుని నిటారుగా నడిచి ఎక్కేటప్పుడు అడుగడుక్కీ టెయిల్స్, అంటే స్కీల వెనక కొసలు, పిక్కలకి కొట్టుకున్నాయి. 85 కిలోలు దాటినవాళ్ళకి, విశాలమైన వాలుల్లోనే తిరిగేవాళ్ళకి 178 సరైనది, నాకు కాదు. ఇంకో మాట, ఈ మోడల్‌కి ముక్కు దగ్గర రాకర్ బాగానే ఉంది, అంటే ఆ భాగం పైకి లేచి ఉంటుంది, గట్టి మంచు మీద అంచు పూర్తిగా ఆనదు. అందుకే రాకర్ ఎక్కువున్నవి గట్టి మంచు మీద పొట్టి స్కీల్లాగే ఉంటాయి, పాత ఫ్లాట్ స్కీల సైజుతో వీటిని పోల్చి కొనకూడదు.

బరువు సంగతికొస్తే, జత మీద 650 గ్రాములు పెరిగాయి, మరి ఎక్కడం ఎంత కష్టమైంది అని అందరూ అడుగుతారు. నిజం చెప్పాలంటే నేను భయపడినంత కాలేదు. స్కిన్స్, అంటే వెనక్కి జారకుండా స్కీ అడుగున అంటించే పట్టీలు, వేసుకుని నడిచేటప్పుడు స్కీని ఎత్తం, మంచు మీదే ఈడ్చుకుంటూ జరుపుతాం, సరిగ్గా నడిచేవాళ్ళకి పెరిగిన బరువు ముఖ్యంగా కిక్ టర్నుల్లోనూ, కొత్త మంచులో ముందు నడిచి దారి చేసేటప్పుడూ తెలుస్తుంది. కొత్త మంచులో వెడల్పు కూడా కలిసొస్తుంది, స్కీ మీద ఎక్కి కూర్చున్న మంచుని కూడా మనమే మోయాలి కదా. తడి మంచు రోజున ఒకసారి ఆగి పైన పేరుకున్న ముద్దని పోల్‌తో గీకేస్తే కాలు ఎంత తేలికైందో, కేటలాగ్‌లో ఏ 100 గ్రాముల తేడా అంత సుఖం ఇవ్వదు.

అసలు బరువు తగ్గించాలంటే స్కీ ఒక్కదాన్నే చూడకండి. బూటు ముందుభాగాన్ని పిన్నులతో పట్టే పిన్ బైండింగ్స్‌లో ఒక్కోటి 150 గ్రాముల లోపువి నుంచి 600 దాటినవాటి దాకా ఉన్నాయి, బూట్లలో కూడా ఒక్కోదానికి అర కిలో పైనే తేడా వస్తుంది. నేను బ్రేక్ ఉన్న 350 గ్రాముల బైండింగ్ పెట్టి, మిగతా బరువంతా స్కీకే వదిలేశా. బూటు మరీ మెత్తగా ఉంటే మాత్రం బరువైన, వెడల్పైన స్కీ చెప్పినమాట వినదు, ఆ రెండూ జోడు కుదరాలి.

నచ్చనివి కూడా ఉన్నాయి. పొద్దున్నే గడ్డకట్టిన వాలు మీద అడ్డంగా నడిచేటప్పుడు 94 వెడల్పు నా చీలమండల్ని బాగా ఇబ్బంది పెడుతుంది, అంచు కాలికి దూరంగా ఉంటుంది కాబట్టి అక్కడ 80 వెడల్పుదే హాయి. స్కీ క్రాంపాన్లు (గట్టి మంచు మీద జారకుండా స్కీకి తగిలించే పళ్ళ పట్టీలు) కూడా మళ్ళీ కొనాల్సొచ్చింది, పాతవి ఈ వెడల్పుకి పట్టలేదు. పైన షీట్ ముదురు రంగు, ఎండకి వేడెక్కి మంచు కరిగి, నీడలోకి రాగానే గడ్డకట్టి అతుక్కుపోతుంది.

స్కిన్స్ కూడా ఈ లెక్కలో వేసుకోండి. 171కి కత్తిరించినవి 178కి రావు, కాబట్టి సైజు మీద ఏ కొంచెం అనుమానం ఉన్నా ముందు అద్దెకి రెండు పొడవులూ తీసుకుని చూడండి, ఒకరోజు పౌడర్‌లో, ఒకరోజు గట్టి మంచులో. స్కిన్ కత్తిరించేటప్పుడు రెండువైపులా స్టీల్ అంచు మాత్రమే కనపడేలా వదలండి, నేను మొదటిసారి మూడు మిల్లీమీటర్లు ఎక్కువ కోసేశా, గట్టి మంచు మీద అడ్డంగా నడిచినప్పుడల్లా ఆ పక్క జారుతూనే ఉంది.