పాత కారు బ్రేక్ పైపుల మీద నల్ల కోటింగ్ కొట్టి ఇస్తున్నారు, జాగ్రత్త

అంబాసిడర్, ఫియట్ లాంటి పాత బళ్ళు రీస్టోర్ చేయించుకుంటున్న మన గోదావరి జిల్లాల వాళ్ళు ఇది ఒక్కసారి చదవండి. షెడ్డు పేరు, ఊరు రాయను. రాస్తే గొడవంతా పేరు మీదకే పోతుంది, పైపుల సంగతి ఎవరికీ గుర్తుండదు.

మాది 1984 మార్క్ 4 అంబాసిడర్, నాన్నగారిది. పదేళ్ళు రొయ్యల చెరువు పక్కన పాకలో పడి ఉంది. ఉప్పు గాలికి కింద బ్రేక్ పైపుల తుప్పు పొరలు పొరలుగా రాలేది. "అన్నీ తీసేసి రాగిలో నికెల్ కలిపిన కుప్రో నికెల్ పైపులు వేస్తాం, ఇక తుప్పే పట్టదండీ" అని బ్రేక్ పనికి పద్నాలుగున్నర వేలు తీసుకున్నారు. బండి ఇచ్చిన రోజు పైకి లేపి చూపించారు. కింద అంతా నల్లగా, నున్నగా, రబ్బరు కోటింగ్‌తో నిగనిగలాడుతోంది. మురిసిపోయి డబ్బులిచ్చేశాను.

నాలుగో వారం అంతర్వేదిలో బండికి పూజ చేయిద్దామని బయల్దేరాం. నరసాపురం రేవులో పంటు ఎక్కడానికి కిందికి దిగుతుంటే పెడల్ మెత్తబడి కాలు నేలకి ఆనింది. మళ్ళీ తొక్కాను, అంతే. మా బండి మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టేది) సింగిల్ సర్క్యూట్‌ది, ఎక్కడ ఒక్క పైపు పోయినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. హ్యాండ్ బ్రేక్ కేబుల్‌తో పనిచేస్తుంది కాబట్టి అది లాగి, పక్కనున్న ఇసుక కుప్పలోకి తిప్పేశాను. ముందు మోటార్ సైకిల్ మీద ఓ చిన్నపిల్ల ఉంది. రెండు బారల దూరం, అంతే. మా అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. డ్రైవింగ్ మర్చిపోయి ఇసుకలో దింపాననే అనుకుంటోంది.

తర్వాత రాజమండ్రిలో ఓ పెద్దాయన, పాత బళ్ళ మెకానిక్, కింద దూరి గోటితో గీకితే కోటింగ్ పాల మీద మీగడలా ఊడొచ్చింది. దాని కింద రెండు రకాల పైపులున్నాయి. ముందు చక్రాలకి ఏసీ, ఫ్రిజ్‌లకి వాడే మెత్తటి రాగి గొట్టం. మధ్యలో పొడుగు పైపు మా పాత ఇనుప పైపే, తుప్పు మీదే రంగు వేశారు. ఆ రెంటినీ ఏసీ షాపులో దొరికే ఇత్తడి బిగింపు జాయింటుతో కలిపారు. వెనక యాక్సిల్ దగ్గర రాగి ముక్క చివర, గరాటులా విప్పిన చోట, వెంట్రుకంత సన్నటి పగులు. బ్రేక్ ఆయిల్ అంతా అక్కడినుంచే పోయింది.

రాగి, కుప్రో నికెల్ ఒకటి కాదు. రెండోదానిలో సుమారు పది శాతం నికెల్, కొంచెం ఇనుము, మాంగనీసు ఉంటాయి. వోల్వో లాంటి కంపెనీ 1970ల్లోనే దాన్ని బ్రేక్ పైపులకి తీసుకుంది. ఉత్త రాగి మాత్రం కుదుపులకి రానురాను గట్టిపడి పగులుతుంది. అయస్కాంతం పెట్టి చూద్దామనుకోకండి, అది రెంటికీ అంటుకోదు. ఇనుప పైపుకి రంగేశారా లేదా అన్నంత వరకే పనికొస్తుంది. గీకిన చోట రాగి బిందెలా ఎర్రగా మెరిస్తే అనుమానించండి, కుప్రో నికెల్ అంత ఎర్రగా ఉండదు. పైపు ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి. నా బిల్లు మీద "బ్రేక్ వర్క్" అని ఉంది, అంతే.

పాత పైపులు పారేయనివ్వకండి. చివర్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, కొన్ని గుండ్రంగా బుడిపెలా, కొన్ని అంచు లోపలికి మడిచి రెండు పొరలుగా. కొత్తవి వాటి పక్కన పెట్టి పోల్చుకోవాలి. నాకు ఒక్క పొరతోనే లాగించేశారు.

కోటింగ్ వేస్తానంటే వద్దనండి, కనీసం పైపుల మీద. దాని కింద చేరిన తడి బయటికి రాదు, లీకు మొదలైనా కనపడదు. రొయ్యల లారీల నుంచి కారే నీళ్ళ మీద రోజూ తిరిగే బళ్ళు మనవి. పెద్దాయన ఈసారి పైపులన్నీ బోడిగానే వదిలి, రబ్బరు తొడుగున్న క్లిప్పులతో జానెడు జానెడు దూరంలో కట్టారు, రాళ్ళు తగిలే చోట స్ప్రింగు చుట్టారు. పైపుల్లో చేరిన గాలి తీశాక నన్ను పెడల్ మీద గట్టిగా కాలు పెట్టి కూర్చోమని, తను టార్చి వేసుకుని ప్రతి జాయింటుకీ తెల్ల కాగితం ఆనించి చూశారు. పాత బ్రేక్ ఆయిల్ తడి పీల్చి ఉంటుందని కొత్త సీసా విప్పి పోశారు.

మొదటి షెడ్డు వాళ్ళకి ఫోన్ చేస్తే "గతుకుల్లో నడిపుంటారు సార్" అన్నారు. గట్టిగా అడిగితే ఆరు వేలు తిరిగిస్తామన్నారు, పైపు ముక్కలు తెచ్చిస్తేనే అట. నేను ముక్కలు ఇవ్వలేదు. గోనెసంచిలో కట్టి డిక్కీలోనే ఉంచాను.