పికప్ ట్రక్కు చక్రాలు: కంపెనీ ఉక్కు, పోత అల్యూమినియం, ఫోర్జ్‌డ్ అల్యూమినియం – ఏది మేలు?

ఫోర్డ్ ఎఫ్-250, ర్యామ్ 2500, షెవ్రొలే సిల్వరాడో 2500 లాంటివి అమెరికాలో బరువులు మోయడానికీ, ట్రెయిలర్లు లాగడానికీ కొనే బండ్లు. కొన్నాక చాలామంది చేసే మొదటి పని మాత్రం చక్రాలు మార్చడం. దుకాణంలో కళ్లు ముందుగా మెరుపు మీదికే పోతాయి. చూడవలసిన అంకె రిమ్ము వెనక వైపు, ఎవరికీ కనబడని చోట ముద్రించి ఉంటుంది. ఒక్కో చక్రం మోయగల బరువు అది. నా ఓటు ఆ అంకెకే.

ముందు బిగింపు సంగతి. ఈ మూడింటికీ ఎనిమిది నట్లే కాబట్టి ఒకదాని చక్రం మరొకదానికి సరిపోతుందనుకోవద్దు. 1999 నుంచి ఫోర్డ్ సూపర్ డ్యూటీలో (ఎఫ్-250 ఈ శ్రేణిదే) ఆ ఎనిమిది బోల్టులు 170 మిల్లీమీటర్ల వలయం మీద ఉంటాయి. షెవ్రొలే 2011 నుంచి 180కి మారింది. ర్యామ్ 2500ది 165.1. వెనక జంట చక్రాలుండే బండ్ల కొలతలు వేరే. ఇక హైదరాబాదులో టొయోటా హైలక్స్, ఇసుజు వి-క్రాస్ పికప్‌లు నడిపేవారికి ఈ లెక్కలతో పనిలేదు. వాటికి ఆరే నట్లు, 139.7 మిల్లీమీటర్ల వలయం.

కంపెనీ ఉక్కు రిమ్ము అందంగా ఉండదు, తుప్పు పడుతుంది, బరువెక్కువ. కానీ గోతిలో గట్టిగా పడితే పగిలిపోకుండా ముందు వంగుతుంది, మార్చుకోవాలన్నా చవక. పొలాల్లో, నిర్మాణ స్థలాల్లో తిరిగే బండికి దీన్ని మించింది లేదు. పోత అల్యూమినియం అంటే కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేసేది. మార్కెట్లో కళ్లు చెదిరే నమూనాలన్నీ దాదాపు ఇవే. అల్యూమినియం కదా, తేలిక అనుకుంటారు గానీ, 22 అంగుళాల పోత రిమ్ము కంపెనీ ఇచ్చిన 18 అంగుళాల రిమ్ము కంటే బరువుగా ఉండడం మామూలే. ఫోర్జ్‌డ్ రకంలో దిమ్మను వేడిచేసి భారీ ప్రెస్సు కింద నొక్కుతారు. లోహం సాంద్రంగా కుదురుతుంది కాబట్టి తక్కువ లోహంతోనే ఎక్కువ బలం వస్తుంది. లారీల కోసం ఆల్కోవా 1948లోనే ఇలాంటి చక్రాలు తెచ్చింది. చిక్కల్లా ధరే.

అసలు తేడా బరువు లెక్కలో బయటపడుతుంది. డ్రైవర్ తలుపు చట్రం మీది స్టిక్కరులో వెనక ఇరుసు ఎంత మోయవచ్చో రాసి ఉంటుంది. అది 7,000 పౌన్లు అనుకుందాం. ఒక్కో వైపు 3,500. చక్రమూ టైరూ రెండూ దానికి తగ్గకూడదు. ఇప్పుడు ఒక విచిత్రం చూడండి. ఎల్‌టీ 275/65ఆర్20 టైరు, ‘ఇ’ రకం (టైరు భారం మోసే తరగతిని తెలిపే అక్షరం), 80 పీఎస్ఐ గాలితో 3,750 పౌన్లు మోస్తుంది. దాని బదులు చాలామంది వేయించే 35x12.50ఆర్20 కూడా ‘ఇ’ రకమే. చూపుకు ఏనుగు పాదంలా ఉంటుంది. కానీ దాని పరిమితి 65 పీఎస్ఐ దగ్గర 3,195 పౌన్లు. రెండు టైర్లూ కలిపి 6,390 మాత్రమే. మన ఇరుసు లెక్కకు 610 పౌన్లు తక్కువ. అదే కొలతలో ‘ఎఫ్’ రకం తీసుకుంటే 80 పీఎస్ఐ దగ్గర 3,640 వస్తుంది. టైరు ‘ఎఫ్’ అయినా రిమ్ము 3,200 పౌన్లదైతే మళ్లీ మొదటికే వస్తాం.

చక్రాన్ని ఫెండరు బయటికి తోసే ఆఫ్‌సెట్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: బరువు లాగే బండికి అది వద్దు. చక్రం బయటికి జరిగినకొద్దీ ముందు బేరింగులు, బాల్ జాయింట్ల మీద భారం పెరుగుతుంది. స్టీరింగు ఒక పక్కకు లాగడం మొదలవుతుంది, బురదంతా తలుపుల మీదే పడుతుంది. ఫొటోకు బాగుంటుందంటే కాదనను.

రిమ్ము మధ్యలో పెట్టే మూతల విషయం చిన్నదిగా కనబడుతుంది గానీ ఇక్కడే ఎక్కువమంది చిక్కుకుంటారు. ఈ బండ్ల వెనక ఇరుసు అంచు రిమ్ము మధ్యలోంచి బయటికి పొడుచుకు వస్తుంది. ఫోర్ బై ఫోర్ అయితే ముందు హబ్బూ అంతే. కాబట్టి బల్లపరుపు మూత పట్టదు, పొడవాటిది కావాలి. ఫోర్ బై ఫోర్ సూపర్ డ్యూటీ ముందు హబ్బుకు, ముందు చక్రాలకు ఇంజను శక్తి కలపడానికి చేత్తో తిప్పే లాక్ మీట ఉంటుంది. మూసి ఉన్న మూత పెడితే, బురదలో దిగబడినప్పుడు ఆ మీట అందాలంటే ముందు మూత ఊడదీయాలి. మధ్యలో తెరిచి ఉన్నదే తీసుకోండి.

ఉక్కు రిమ్ముల మీద తొడిగే స్టెయిన్‌లెస్ కవర్లు ఇంకో దారి. చవకగా అల్యూమినియం కళ వస్తుంది, బరువు మోసేది కంపెనీ రిమ్మే. నాకు ఇవి నచ్చుతాయి, ఒక షరతు మీద: కవరు రేకు నట్టుకూ రిమ్ముకూ మధ్య ఇరుక్కోకూడదు. ఇరుక్కుంటే బిగింపు క్రమంగా సడలుతుంది, సడలిన నట్టు కవరు వెనక దాగి కనబడదు.

నట్ల గురించీ ఒక మాట. ఫోర్డ్ నట్టుకు అడుగున తిరిగే బల్లపరుపు వాషరు ఉంటుంది. బయట కొనే రిమ్ములు చాలావరకు శంకువు ఆకారపు నట్టునే అడుగుతాయి. పాత నట్లు అలాగే బిగిస్తే రిమ్ము సరిగా కూర్చోదు. సూపర్ డ్యూటీకి కంపెనీ చెప్పిన బిగింపు 165 పౌండ్-అడుగులు. కొత్త రిమ్ము వేసిన 50 నుంచి 100 మైళ్ల లోపు టార్క్ రెంచ్‌తో మరోసారి చూడాలి.

ట్రెయిలర్ తరచుగా లాగేవారికి, డబ్బుంటే, కంపెనీ కొలతకు దగ్గరగా ఉండే 18 అంగుళాల ఫోర్జ్‌డ్. లేదంటే ఉక్కు రిమ్ము, మీద కవరు. బండిని ఊళ్లో తిప్పడానికే కొన్నవారు పోత అల్యూమినియం నిశ్చింతగా తీసుకోవచ్చు, వెనకవైపు అంకె చదివి. ఆ అంకె వేయని రిమ్ము ఎంత చవకగా ఇచ్చినా దుకాణంలోనే వదిలేసి రండి.