నాలుగేళ్లుగా ఈమెయిల్ కాలమ్‌కి సిటెక్స్ట్ వాడినాక

తిరుపతిలో బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలకి రూములు బుక్ చేసే చిన్న వెబ్ యాప్ నేనే రాసి నడుపుతా ఉండాను. నాలుగేళ్ల కింద బ్రహ్మోత్సవాల రద్దీలో ఒక పెద్దాయన వచ్చి, డబ్బులు కట్టినా గానీ బుకింగ్ కనపళ్లేదు నాయనా అని ఒకటే కంగారు. చూస్తే ఆయనవి రెండు అకౌంట్లు, ఈమెయిల్ ఒకటే, కాకపోతే ఒకదాంట్లో మొదటి అక్షరం కేపిటల్. ఫోన్ కీబోర్డు దానంతట అదే పెద్దక్షరం వేసేస్తాది కదా, ఆయన తప్పేముంది. నేను వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌కి చిన్న ఏ వేరు పెద్ద ఏ వేరు, ఒకే ఈమెయిల్ రెండుసార్లు రాకుండా నేను పెట్టిన యూనిక్ నియమం రెండిటినీ లోపలికి పంపేసింది.

అప్పటికి యాప్ రాసిన రైల్స్ ఫ్రేమ్‌వర్క్‌లో, సేవ్‌కి ముందు చేసే తనిఖీలో (వాలిడేషన్) కేస్ సెన్సిటివ్ ఫాల్స్, అంటే చిన్నా పెద్దా తేడా చూడొద్దు అని పెట్టి సరిపోయిందిలే అనుకున్నా. సరిపోదు. అది ముందు ఉందా లేదా అని చూసి తర్వాత సేవ్ చేస్తాది, రద్దీలో ఒకేసారి రెండు రిక్వెస్టులొస్తే రెండిటికీ లేదనే జవాబొస్తాది, రెండూ ఎక్కేస్తాయి. పైగా చూసేటప్పుడు అన్నీ చిన్నక్షరాలు చేసే లోయర్ ఫంక్షన్ వేస్తాది కాబట్టి, తొందరగా వెతకడానికి ఉండే మామూలు ఇండెక్స్ పనికిరాక టేబులంతా చదువుతాది. కాపలా డేటాబేస్‌లోనే ఉండాల.

అందుకే కాలమ్‌ని సిటెక్స్ట్‌కి, అంటే చిన్నా పెద్దా తేడా చూడని పోస్ట్‌గ్రెస్ టెక్స్ట్ రకానికి మార్చినా. మార్చడం ఒక్క మైగ్రేషనే (డేటాబేస్ మార్పు స్క్రిప్టే), కానీ ఉన్న డూప్లికేట్లు తీసేదాకా యూనిక్ ఇండెక్స్ ఒప్పుకోదు, రెండు సాయంత్రాలు కూర్చొని బుకింగులన్నీ ఒక్కో అకౌంట్ కిందికి చేర్చినా. అప్పట్నుంచి ఇంతవరకు ఒక్క జంట అకౌంట్ కూడా రాలేదు, అదీ కాక మనిషి టైప్ చేసినట్టే ఈమెయిల్ కనపడతాది.

ఇబ్బందులు లేవని కాదు. ఒక రిపోర్టు క్వెరీలో విలువని మామూలు టెక్స్ట్ రకంగా మార్చినా (కాస్ట్), అంతే, పోలిక మళ్లీ చిన్నా పెద్దా తేడా చూడ్డం మొదలుపెట్టింది, ఎర్రర్ కూడా రాదు, అందుకే పట్టుకోడానికి వారం పట్టింది. బాగుందని కూపన్ కోడ్ కాలమ్‌కి కూడా సిటెక్స్ట్ పెట్టినా, అక్కడ చిన్నక్షరం పెద్దక్షరం తేడాతోనే వేర్వేరు కోడ్‌లు ఉండాయి, కొత్తవి సేవ్ కాలేదు, వెనక్కి టెక్స్ట్‌కి మార్చినా.

సిటెక్స్ట్ విడిగా వేసుకోవాల్సిన ఎక్స్‌టెన్షన్, దాన్ని వేసుకోనీని సర్వర్ అయితే లోయర్ మీద యూనిక్ ఇండెక్స్ కూడా గట్టిదే, కాకపోతే వెతికే ప్రతిచోటా లోయర్ రాయాల, ఒక్కచోట మర్చిపోయినా ఎవరో ఒకరికి లాగిన్ కాదు. ఇంకో డేటాబేస్ మైఎస్క్యూఎల్ 8లో డిఫాల్ట్ కొలేషనే (అక్షరాలు పోల్చే నియమమే) చిన్నా పెద్దా ఒకటిగా చూస్తాది, అక్కడ కూపన్ కోడ్‌ల మాదిరివాటికే జాగ్రత్త. నేనైతే ఈమెయిల్‌కి, యూజర్ నేమ్‌కి మాత్రం సిటెక్స్ట్ వదలను.