ఇంగ్లిష్ ప్రొనౌన్స్ (సర్వనామాలు): టేబుల్ బట్టీ పట్టించాలా, తెలుగుతో జతచేయాలా, వాక్యంలో చోటు చూపించాలా?

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల తల్లిదండ్రులు ఎప్పుడు కలిసినా ఇదే అడుగుతారు: "సార్, ప్రొనౌన్స్ టేబుల్ బట్టీ పట్టించమంటారా, తెలుగులో అర్థం చెప్పి నేర్పమంటారా?" టేబుల్ అంటే ఐ, మి, మై, మైన్ లాంటి రూపాల పట్టిక. ఈ రెండూ కాక మూడో దారి ఒకటుంది: వాక్యంలో ఏ చోటులో ఏది వస్తుందో చూపించడం. నా మొగ్గు దానివైపే.

టేబుల్‌ని పూర్తిగా తీసిపారేయలేం. సొంతదారుని చెప్పే ‘ఇట్స్’కి అపాస్ట్రఫీ (అక్షరం పైన పెట్టే కామా లాంటి గుర్తు) ఉండదు, ‘అవర్స్’, ‘దెయిర్స్’కీ ఉండదు. ఇలాంటివి చూసి గుర్తుపెట్టుకోవాల్సిందే. కానీ ఐ, మి, మై, మైన్ అని గడగడా అప్పజెప్పిన పిల్లాడే కాంపోజిషన్‌లో "మి అండ్ రవి ప్లేడ్ క్రికెట్" అని రాస్తాడు. రూపాలన్నీ వచ్చు, ఏది ఎప్పుడు వాడాలో తెలియదు.

తెలుగుతో జతచేస్తే మొదట్లో హాయిగా సాగుతుంది. నేను అంటే ఐ, నన్ను అంటే మి. ‘నాకు’ దగ్గరే చిక్కు. "నాకు ఇవ్వు" అంటే గివ్ మి, "నాకు తెలుసు" అంటే మాత్రం ఐ నో. ‘తన’ ఇంకా కష్టం. ఆడా మగా తేడా అందులో కనిపించదు కాబట్టి "లత తన పెన్ను మర్చిపోయింది"కి ‘హిజ్ పెన్’ అని రాసేస్తారు. "మా సార్ వచ్చారు"లోని మర్యాద ఇంగ్లిష్‌లో ‘దే’ అయిపోతుంది.

నా దృష్టిలో తేల్చేది వాక్యంలో చోటు. పనిచేసేవారి చోటులో ఐ, హి, షి, వి, దే వస్తాయి. ఆ పని ఎవరి మీద జరిగిందో ఆ చోటులో, టు, ఫర్, విత్, బిట్వీన్ లాంటి మాటల తర్వాత మి, హిమ్, హర్, అస్, దెమ్ వస్తాయి. "కెన్ ఐ గో?" లాంటి ప్రశ్నల్లో క్రమం మారినా వెళ్లేది ఎవరో చూస్తే చాలు.

ఇద్దరు మనుషులున్న వాక్యంలోనే అసలు పరీక్ష. ‘అండ్ రవి’ మీద వేలు పెట్టి మూసి చదవమనండి. "మి ప్లేడ్ క్రికెట్" అని వస్తుంది. ఐ తో మొదలయ్యే వాక్యాలు ఒకటో తరగతి నుంచీ రాస్తున్నవాళ్లే కాబట్టి తప్పు వాళ్లకే తెలిసిపోతుంది. అలా దిద్దాక కొందరు అన్నిచోట్లా ఐ పెట్టేస్తారు: "టీచర్ గేవ్ రవి అండ్ ఐ ద బుక్స్". ఇక్కడ ‘రవి అండ్’ మూస్తే "టీచర్ గేవ్ ఐ" మిగులుతుంది, మి కావాలని అర్థమవుతుంది. "బిట్వీన్ యు అండ్ ఐ" దగ్గర మూసి చూడటం పనిచేయదు. అప్పుడు ఇద్దరికీ కలిపి వి పెట్టాలా, అస్ పెట్టాలా అని అడగాలి. బిట్వీన్ అస్ అంటాం కాబట్టి "బిట్వీన్ యు అండ్ మి".

"మైసెల్ఫ్ రవి" అనే పరిచయం కూడా చోటు తెలిస్తే సర్దుకుంటుంది: "ఐ యామ్ రవి".

యాప్‌లు, వర్క్‌షీట్లు సాధనకి పర్లేదు. ఖాళీలు పూరించడంలో ఊహించి నెగ్గుకొచ్చేస్తారు, అంతే. వాటికంటే పిల్లల నోట్‌బుక్‌లోనే ఇద్దరి పేర్లున్న వాక్యాలు వెతికి, వాళ్ల వేలితోనే మూయించి చదివించండి.